మస్టరు పడి పనికి దిగని అక్షరాలు

ఇంగ్లీషు మీద నా కోపం ఈనాటిది కాదు. బడిలో నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా గోడల మీద చదువుకున్నాను. కొత్తగూడెం వైపు ఒక బొగ్గు బావిలో లాంపు రూములో నా పని. షిఫ్టుకు దిగేవాడి దగ్గర టోకెన్ తీసుకుని లాంపు ఇవ్వాలి, పైకి వచ్చాక లాంపు తీసుకుని టోకెన్ ఇవ్వాలి. మధ్యలో గంటల తరబడి ఖాళీ. ఆ ఖాళీలో బావి దగ్గర రాసి ఉన్న ప్రతి బోర్డూ చదివేవాణ్ణి. ఏది ముట్టుకోవద్దో, ఎక్కడ నిలబడవద్దో అన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. తెలియని మాటను అరచేతిలో రాసుకుని ఇంటికి వెళ్లి, సంతలో కొన్న అట్ట లేని డిక్షనరీలో వెతికేవాణ్ణి. మాటకు అర్థం దొరికేది. ఎలా పలకాలో చెప్పేవాళ్లు మాత్రం దొరికేవాళ్లు కాదు.

ఒకరోజు కొత్తగా వచ్చిన ఇంజనీరొకడు నా చేతికి నోటీసు ఇచ్చి, అందరికీ చదివి వినిపించమన్నాడు. పక్కగోడ ఎక్కవద్దని దాని సారాంశం. నేను గొంతు సవరించుకుని, ఉన్న అక్షరాలన్నిటినీ మర్యాదగా పలుకుతూ "క్లింబ్" అని చదివాను. అతను కడుపు పట్టుకుని నవ్వాడు. అతను నవ్వాడని మిగతావాళ్లూ నవ్వారు. వాళ్లలో సగం మందికి ఏ బి సి డి లు కూడా రావు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నా పేరు క్లింబ్ సాబ్. ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో ఇప్పుడడిగినా చెప్పగలను.

చివర బి ఎందుకు రాశారు, రాసినవాళ్లు ఎందుకు పలకరు? అడిగితే ఎవడూ చెప్పడు. మన భాషలోనూ అరసున్న అని ఒకటుండేది. పలికే నోరు లేకుండా పోయిందని గ్రహించి, మెల్లగా రాయడం మానుకున్నాం. అక్షరమాల చార్టులో ఓ మూల కూర్చోబెట్టాం. వాళ్లకు ఆ మాత్రం తెలివి ఎందుకు లేదో నాకు అర్థం కాదు. అంత పెద్ద సామ్రాజ్యం నడిపారట.

రిటైరయ్యాక నా భార్య పుట్టిన ఊళ్లో స్థిరపడ్డాం. సత్తుపల్లి దాటి కొంతదూరం పోతే పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలవుతుంది. ఆ మొదలయ్యే చోట ఉంటుంది ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు అక్కడికి కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది. బస్సులు ఆగే చోట రోడ్డు పక్కన రెండు రేకుల షెడ్లు. నర్సరీ నుంచి రెండో తరగతి వరకు. నడిపే ఆయనను అందరూ కరస్పాండెంట్ అనేవారు. అంతకుముందు ఎరువుల దుకాణం నడిపాడు. నేను హోటల్లో ఇంగ్లీషు పేపరు చదువుతుంటే చూసి ఇంటికి వచ్చాడు.

"పెద్దసారూ, ఒకటో తరగతికీ రెండో తరగతికీ ఇంగ్లీషు మీరే చెప్పాలె."

"నేను చదివింది మూడో తరగతి," అన్నాను.

"మనం చెప్పేది రెండో తరగతి వరకే గదండీ," అన్నాడు.

లోపల్నుంచి నా భార్య పక్కున నవ్వింది. ఒప్పుకున్నాను. పిల్లలు నన్ను తాత సారు అన్నారు.

మొదటిరోజు రెండో తరగతి షెడ్డులోకి అడుగుపెట్టగానే చెవులు మూసుకోవలసి వచ్చింది. ఒక పిల్ల ముందు నిలబడి అరుస్తోంది. మిగతావాళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ అదే మాట తిరిగి అరుస్తున్నారు.

"కె ఎన్ ఐ ఎఫ్ ఈ నైఫ్, నైఫ్ మీన్స్ కత్తి."

"కె ఎన్ ఈ ఈ నీ, నీ మీన్స్ మోకాలు."

రేకులు అదిరిపోతున్నాయి. ముందు నిలబడ్డ పిల్ల బడిలో ఆయాగా పనిచేసే ఆమె కూతురు. ఏడేళ్లుంటాయి, మనిషి పిడికెడు, గొంతు మాత్రం బస్సు హారన్. ఒక్క అక్షరం తప్పు పోవడం లేదు. నాకు ముచ్చటేసింది, ఒప్పుకుంటాను. ముడి అనే మాటను, నాట్ అంటారు కదా, అదే కె తో మొదలవుతుంది, దాన్ని బోర్డు మీద రాసి చదవమన్నాను. ఆ పిల్ల బోర్డు వైపు చూసి, చేతులు కట్టుకుని, పెద్దగా అందుకుంది.

"కె ఎన్ ఓ టి నైఫ్, నైఫ్ మీన్స్ కత్తి."

వెనకాల ముప్పై మందీ ఊగుతూ అదే అన్నారు. ముడి కత్తి అయిపోయింది, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. తర్వాత ఒక్కొక్కరినీ లేపి చదివించాను. అక్షరాలు గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు గానీ, కొత్త మాటను కూడబలుక్కుని చదివేవాళ్లు ఒక్కరూ లేరు. ఏడాది పొడవునా వాళ్లు నేర్చుకున్నది చదవడం కాదు, పాట. అందులో అందరికంటే బాగా పాడే పిల్లకు అందరికంటే తక్కువ చదవడం వచ్చు. ఎందుకంటే దానికి పుస్తకం వైపు చూసే అవసరమే ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రమే కరస్పాండెంటుతో చెప్పాను, ఈ అరుపులు మాన్పించండి అని. ఆయన నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్లాడు.

"సారూ, ఇక్కడ నిలబడి చూడండి. బస్సు దిగేటోళ్లు, కల్లంకాడికి పొయ్యేటోళ్లు, అందరూ ఈ మూల మీదనుంచే పోవాలె. మన బడికి మంచి బోర్డు ఉందా? లేదు. మంచి గోడ ఉందా? లేదు. మన సౌండే మన బోర్డు. అది ఆగిందంటే సార్లు నిద్రపోతున్నరు అనుకుంటరు."

"మరి చదువు?"

"అదే గదండీ ఇనబడేది."

ఆయనతో వాదించడం దండగ అనిపించింది. తలుపులు మూసుకుని నా పద్ధతిలో నేను మొదలుపెట్టాను.

పలకని అక్షరం సంగతి పిల్లలకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. సైలెంట్ అని పెద్ద మాట చెబితే ఏం లాభం? మా వైపు ప్రతి ఇంట్లో తెలిసిన మాట మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ. బావిలో పనైనా, అడవి నర్సరీలో మొక్కల పనైనా, పొద్దున్నే మస్టరులో పేరు పడాలి. పేరు పడ్డాక పనిలోకి దిగకుండా వేపపుల్ల నములుకుంటూ ఇంటికి పోయేవాళ్లూ ఉంటారని ఏ పిల్లకైనా తెలుసు. అదే చెప్పాను.

"ఈ కె ఉంది చూశారూ, ఇది మస్టరు పడింది. పనికి దిగలేదు. ఎన్ ఒక్కటే దిగింది. అందుకని కె ను పేరుకు రాయాలె, నోటికి తేవద్దు."

షెడ్డంతా నవ్వు. ఆ రోజు నుంచి కొత్త మాట రాయగానే, "తాత సారూ, దీంట్ల మస్టరు దొంగ ఎవరు?" అని వాళ్లే వెతకడం మొదలుపెట్టారు. వెతకాలంటే అక్షరాలను చూడాలి కదా. నాక్కావలసింది అదే.

ఇది కూడా కొందరికి నచ్చలేదు. బావిలో పనిచేసే ఒకాయన సెలవు మీద వచ్చి, మధ్యాహ్నం పూట షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, మా పిల్లగాడు ఇంటికొచ్చి, నాయినా నువ్వు కె వా ఎన్ వా అని అడుగుతుండు. ఏంది సంగతి?"

"మీరేం చెప్పారు?"

"మల్ల అడిగితే దెబ్బలు పడతయని చెప్పిన."

ఇంకో ఉపాయం కూడా పెట్టుకున్నాను. బోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ కుడిచేతి బెత్తంతో చూపిస్తూ, అది పలికే అక్షరమైతే ఎడమ చెయ్యి తెరిచి పట్టుకునేవాణ్ణి. పలకనిదైతే గుప్పిట మూసేవాణ్ణి. పిల్లలు నా చేతినీ అక్షరాన్నీ చూసుకుంటూ, లోపల్లోపల కూడగట్టుకుని, అప్పుడు మాట బయటికి తెచ్చేవారు. కాబట్టి షెడ్డు చాలాసేపు నిశ్శబ్దంగా ఉండేది. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటని అప్పట్లో గట్టిగా నమ్మాను.

ఆ నిశ్శబ్దం అందరికంటే ఎక్కువగా, ముందు నిలబడి అరిచే ఆ పిల్ల తల్లిని, మా బడి ఆయాను భయపెట్టింది.

ఆమెది అడవి లోపలి గూడెం, పని కోసం వచ్చి మా ఊళ్లోనే ఉండేది. ఇంట్లో కోయ మాట మాట్లాడుకునేవారు. భర్త లేడు. బడి ఊడ్చి, నీళ్లు పట్టి, వేలాడదీసిన రైలుపట్టా ముక్కను కొట్టి గంటలు మోగించేది ఆమే. మిగతా సమయం షెడ్డు గుమ్మం పక్కనే కూర్చుని ఉండేది. కూతుర్ని భద్రాచలంలో సిస్టర్లు నడిపే హాస్టలు బడిలో చేర్చాలని ఆమె పట్టుదల. అక్కడ మూడో తరగతిలో మాత్రమే కొత్తవాళ్లను తీసుకుంటారు. అదీ వేసవిలో ఒక్కరోజు పిలిచి, ఇంగ్లీషు చదివించి చూసి. ఆ ఒక్కరోజు తప్పితే మళ్లీ ఇంకో తరగతిలో తీసుకోరు. మా బడి రెండో తరగతితో అయిపోతుంది. తర్వాత పిల్ల వాగు దాటి ఇంకో ఊరి బడికి పోవాలి, వానాకాలంలో వాగు నెలల తరబడి దాటనివ్వదు. తను అలాగే చదువు మానేశానని ఆమె ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేది.

"సారూ, ఏంది, పిల్లలు సప్పుడు జేస్తలేరు?" అని గుమ్మంలోంచి తొంగిచూసింది ఒకరోజు.

"చదువుతున్నారమ్మా."

"సప్పుడు లేకుండ ఏం సదువు సారూ. నా బిడ్డ గొంతు పడిపోయింది. నిరుడు సూడు, బస్సుల కూసున్నోళ్లు గూడ తలకాయ బయట పెట్టి సూసేటోళ్లు."

అంతకుముందటేడు భద్రాచలం వెళ్లి సీటు రాక తిరిగొచ్చిన పిల్ల ఒకతె పక్క ఊళ్లో ఉంటే, వాళ్లింటికి వెళ్లి అడిగి తెలుసుకున్నాను. అక్కడ సిస్టరు మన బడి పుస్తకం చదివించదు. తన బీరువాలోంచి, పిల్ల ఎన్నడూ చూడని పుస్తకం తీసి ముందు పెడుతుంది. ఈ సంగతి ఆయాకు చెప్పాను. మీ పిల్లకు పాట వచ్చు, చదవడం రాదు, అక్కడ పాట పనికిరాదు అని ఉన్నదున్నట్టే అన్నాను.

ఆమె చీపురు కింద పెట్టింది. "నా బిడ్డకు సదువు రాదా? నాకే వస్తది సారూ, ఇనుండ్రి," అని, రెండో తరగతి పుస్తకం చివరన ఉన్న మాటల పట్టిక మొత్తం మొదటి నుంచి అప్పజెప్పింది. కె ఎన్ లు, డబ్ల్యూ ఆర్ లు, అర్థాలతో సహా. ఒక్కటి కూడా తప్పు పోలేదు. రెండేళ్లుగా గుమ్మం పక్కన కూర్చున్న మనిషి.

బోర్డు మీద కె రాసి, ఇదేమిటి అని అడిగాను.

"గది నాకేమెర్క. నాకు ఇనుడే ఎర్క," అంది ఏమాత్రం తడుముకోకుండా.

"మీ పిల్లది కూడా అదే పరిస్థితి," అన్నాను.

ఆమె చాలాసేపు ఆ కె వంకే చూసింది. తర్వాత చీపురు తీసుకుని వెళ్లిపోయింది. నేను చెప్పింది అర్థమైందనే అనుకున్నాను. కాలేదు. మర్నాటి నుంచి సాయంత్రాలు వాళ్ల ఇంటి ముందుగా పోతుంటే పొయ్యి దగ్గర తల్లి ఊదుగొట్టంతో ఊదుతూ మధ్యమధ్యలో అక్షరాలు అరవడం, కూతురు అందుకోవడం వినిపించేది. నేను పగలంతా అక్షరాలను చూడటం నేర్పిస్తే, ఆమె సాయంత్రం పొయ్యి దగ్గర దాన్ని మళ్లీ పాటలో పడేసేది. ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. వెళ్లి అడిగితే, "మీది మీరు జెప్పుండ్రి, నాది నేను జెప్త," అనేది.

కరస్పాండెంటు ఇంకొక తలనొప్పి. నా క్లాసు కాని వేళల్లో ఆ పిల్లను ముందు నిలబెట్టి అరిపించడం మాన్పించండి, ఆ సమయంలో నేను చదివించుకుంటాను అంటే, "అంత గొంతు ఇంకెవరికుందండీ" అన్నాడు. చివరకు మధ్యాహ్నం అన్నాల బెల్లు తర్వాత అరగంట దొరికింది. వంటషెడ్డు వెనక నీడలో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరి దాకా, రోజూ ఆ అరగంట. మొదట్లో ఆ పిల్ల మాట కనబడగానే కళ్లు పైకెత్తి పాట వెతుక్కునేది. "పైన ఏముందే? రేకులున్నాయి. కిందికి చూడు," అనేవాణ్ణి. మెల్లగా కిందికి చూసింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, నా ఎడమ చెయ్యి వంక చూసి, తెరిచి ఉంటే పలికేది, మూసి ఉంటే దాటేసేది. ఏప్రిల్ వచ్చేసరికి ఎన్నడూ చూడని మాటలను కూడా కూడబలుక్కుంటోంది. పిల్లల పుస్తకం ఒకటి సత్తుపల్లి నుంచి తెప్పించి పెడితే రెండు పేజీలు చదివింది. ఆ రోజు ఇంటికి వెళ్లి నా భార్యతో రెండుసార్లు చెప్పాను. రెండోసారి, "ఇందాకనే చెప్పిండ్రు గదా," అంది.

మే నెలలో ఒక పొద్దున తల్లి, కూతురు, నేను భద్రాచలం బస్సెక్కాం. నేను రావడం ఆయాకు ఇష్టం లేదు. కానీ ఫారాలు నింపడానికి ఒక మనిషి కావాలి. దారి పొడవునా కూతురి చెవిలో ఏదో చెబుతూనే ఉంది. మధ్యలో కోయ, దాని మధ్యలో కె ఎన్. నేను కిటికీలోంచి అడవిని చూస్తూ పళ్లు కొరుకుతూ కూర్చున్నాను. వంతెన కింద గోదావరి సగానికి సగం ఇసుకే. ఎండ అప్పుడే మాడ్చేస్తోంది.

హాస్టలు బడి వరండా నిండా తల్లులు, పిల్లలు. ఒక్కొక్క పిల్లనే లోపలికి పిలుస్తున్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. లోపల పెద్ద బల్ల, తిరుగుతున్న ఫ్యాను, బల్ల వెనక హెడ్మిస్ట్రెస్ సిస్టరు. ఎక్కడో కేరళ నుంచి వచ్చినామె, తెలుగును పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేది. పిల్లను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, బొమ్మల పుస్తకం ఒకటి తెరిచి ముందు పెట్టింది. మా పిల్ల ఎన్నడూ చూడనిదే. తల్లి కుర్చీ వెనక నిలబడింది. నేను ఎదురుగా, సిస్టరు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

పిల్ల మొదటి మాట మీద వేలు పెట్టి ఆగింది. ఆలోచిస్తోందని నాకు తెలుసు. తల్లికి అది ఆలోచించడంలా కనబడలేదు, మరిచిపోయినట్టు కనబడింది. అంతే, వెనకనుంచి గొంతెత్తి అందించింది.

"కె ఎన్ ఐ ఎఫ్ ఈ నైఫ్, నైఫ్ మీన్స్ కత్తి. అనవే. కె ఎన్ ఈ ఈ…"

ఆ పేజీలో కత్తీ లేదు, మోకాలూ లేదు. ఒక గొర్రెపిల్ల గురించి కథ. వరండాలో వాళ్లు కూడా తొంగిచూశారు.

సిస్టరు కళ్లజోడు తీసింది. "అమ్మా, మీకు బాగా వచ్చును. కానీ సీటు మీకు కాదు. దయచేసి బయట కూర్చోండి."

ఆయా ముఖం ఎర్రబడింది. తలవంచుకుని బయటికి నడిచింది. నాకు, నిజం చెబుతున్నాను, లోపల కాస్త తృప్తిగానే ఉంది. నెలల తరబడి చెప్పాను కదా, ఇప్పుడైనా తెలిసిందా అనుకున్నాను.

పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. వేలు కదులుతోంది. గొర్రెపిల్ల మాట వచ్చింది, దాని చివర కూడా నా పాత శత్రువు బి నే ఉంది. ఆగింది, తలెత్తింది, మళ్లీ దించింది, సరిగ్గా చదివింది. మరో వరుస. మళ్లీ అలాంటి మాట. తలెత్తింది, దించింది, చదివింది. ఎంత చక్కగా చదువుతోందో అనుకుంటున్నాను. సిస్టరు పుస్తకం వైపు చూడటం మానేసి పిల్ల కళ్ల వైపు చూస్తోంది. పిల్ల మూడోసారి తలెత్తినప్పుడు, ఆ చూపు ఎటు వెళ్లిందో చూసి, సిస్టరు నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"తాతగారూ, మీ చేయి."

నా చేతి వైపు చూసుకున్నాను. ఎడమ చెయ్యి ఛాతీ దగ్గర ఉంది, గుప్పిట మూసి ఉంది. నేను మూశానని నాకు తెలియదు. ప్రమాణం చేసి చెబుతాను, తెలియదు. మూడు నెలలుగా పలకని అక్షరం వచ్చినప్పుడల్లా అది మూసుకుంటూనే ఉంది, ఇక్కడ కూడా దాని మానాన అది మూసుకుంది. సిస్టరు వెనక గోడ దగ్గరినుంచి పేజీ నాకు స్పష్టంగా కనబడుతోంది. పిల్ల వేలు ఎక్కడుందో నేను చూస్తున్నాను, నా గుప్పిటను పిల్ల చూస్తోంది.

"మీరు కూడా బయట కూర్చోండి," అంది సిస్టరు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది, నేనూ తిరిగి ఏదైనా అనేవాణ్ణి.

గుమ్మం దాటేటప్పుడు పిల్ల వైపు చూడలేదు. చూస్తే అదీ ఒక సైగ అవుతుందేమోనని భయం వేసింది.

వరండాలో బెంచీ మీద ఒక చివర ఆయా కూర్చుని ఉంది. రెండో చివర నేను కూర్చున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"మీరేంది ఇటొచ్చిండ్రు?"

"లోపల ఉక్కపోస్తోంది," అన్నాను.

ఆమె కిటికీలోంచి లోపలికి చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బల్ల ముందు పిల్ల ఒక్కతే ఉంది. మళ్లీ నా వైపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుని ఊరుకుంది.

లోపల్నుంచి ఏ శబ్దమూ రావడం లేదు. పిల్ల చదువుతుంటే కనీసం గుసగుసైనా వినిపించాలి. ఇన్నాళ్లూ నిశ్శబ్దం మంచిదని వాదించినవాణ్ణి, ఆ బెంచీ మీద కూర్చుని ఒక్క అరుపు వినిపిస్తే చాలనుకున్నాను. నేను నేర్పింది ఏమిటసలు? ఆ పిల్ల అక్షరాలను చూసిందా, నా చేతిని చూసిందా? తల్లి దానికి చెవిలో ఊతం ఇస్తే, నేను కంటికి ఇచ్చాను. ఆమెనైతే బడంతా వినేలా తప్పు పట్టాను. మస్టరు కథలు, ఉపాయాలు, గొప్పలు. వంటషెడ్డు వెనక ఒక్కసారైనా చెయ్యి జేబులో పెట్టుకుని చదివించి చూడాలని తోచలేదు. ఆ తోచకపోవడం మీదే నాకు మంటగా ఉంది.

"సప్పుడు లేదు," అంది ఆయా. "పోయింది సారూ సీటు."



మా తర్వాత రావలసిన పిల్ల తల్లి, ఇంకెంతసేపు అని రెండుసార్లు విసుక్కుంది. ఆయా ఆమెతో పోట్లాటకు దిగబోయి, ఎందుకో ఆగిపోయింది. కాళ్ల దగ్గర చీమలను చూస్తూ కూర్చుంది. నేను వరండా స్తంభాలు లెక్కపెట్టాను, మరిచిపోయి మళ్లీ లెక్కపెట్టాను.

చివరకు సిస్టరే గుమ్మంలోకి వచ్చింది. పక్కన పిల్ల. ఏడ్చిన గుర్తులు ఉన్నాయా అని చూశాను. లేవు. చూపుడు వేలికి మాత్రం అచ్చుసిరా అంటుకుని ఉంది, అంత గట్టిగా నొక్కి పెట్టినట్టుంది.

"చాలా నెమ్మదిగా చదువుచున్నది," అంది సిస్టరు. "మూడు మాటలు తప్పు చదివింది. రెండు మాటల దగ్గర ఆగి, ఇది నాకు రాదు అని చెప్పింది. ఉదయం నుంచి వచ్చిన వాళ్లలో రాదు అని చెప్పినది ఈమె ఒక్కతే. మిగిలిన వాళ్లు లేనిది కూడా చదివినారు. జూన్‌లో తీసుకుని రండి."

ఆయాకు మొదట అర్థం కాలేదు. "తప్పు సదివినాదండీ?" అని రెండు చేతులూ జోడించింది. జూన్‌లో తెమ్మంటున్నారమ్మా, సీటు వచ్చింది, అని నేను చెప్పాక, కూతుర్ని దగ్గరికి లాక్కుని తన భాషలో ఏదో చాలాసేపు అంది. సిస్టరు నా వైపు చూస్తుందేమో, ఏమైనా అంటుందేమో అనుకున్నాను. చూడలేదు. తర్వాతి పిల్లను పిలుచుకుని లోపలికి వెళ్లింది.

తిరుగు బస్సులో పిల్ల తల్లి ఒళ్లో పడి నిద్రపోయింది. తల్లి మాత్రం వంతెన దాటకముందే మొదలుపెట్టింది.

"సూసిండ్రా సారూ. రోజూ నేను సదివిచ్చింది ఊకెనే పోలే. నేను అక్కడ గట్టిగ ఎత్తుకున్న గదా, అప్పుడే ఆ సిస్టరమ్మకు ఎర్కైంది, ఈళ్లింట్ల సదువున్నదని."

"అమ్మా, నిన్ను బయటికి పంపింది ఆమె."

"పంపితే పంపింది. ఇన్నంక గదా పంపింది."

"పాట వల్ల రాలేదమ్మా సీటు. పుస్తకం చూసి చదివింది, అందుకు వచ్చింది."

"గొంతు లేకపోతే ఏం సదువుతది సారూ. గొంతు నాది."

బూర్గంపాడు దాటింది, పాల్వంచ దాటింది, ఆమె ఆపలేదు, నేనూ ఆపలేదు. నెలల తరబడి వంటషెడ్డు వెనక పడ్డ శ్రమంతా ఏకరువు పెట్టాను. అక్షరాలను చూడటం నేర్పింది ఎవరని అడిగాను. ముందు సీటులో ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తిరగలేదు. కొత్తగూడెంలో బస్సు మారాం, మారాక మళ్లీ అందుకున్నాం. నా గొంతు ఎంత పెరిగిందంటే పిల్ల నిద్రలో కదిలింది. ఆయా దాని తల మీద చెయ్యి వేసి, నన్ను ఒకసారి చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నేను మా ఊరికి ఒక స్టేజీ ముందే దిగిపోయాను. పని ఉందని చెప్పాను, పనేమీ లేదు. పామాయిల్ తోటల పక్కగా ఎండలో నడుస్తూ, మనుషులకు ఎంత చెప్పినా అర్థం కాదని తిట్టుకుంటూ కొంత దూరం వెళ్లాను. అప్పుడు తట్టింది. అంతసేపు వాదించుకున్నాం కదా, ఆమె ఒక్కసారి, మిమ్మల్ని గూడ ఎల్లగొట్టింది గదా సారూ, అని ఉంటే నా నోరు మూతపడేది. కిటికీలోంచి చూసిన మనిషి. నేను బయటికి ఎందుకు వచ్చానో ఆమెకు తెలియదని ఎలా అనుకున్నాను?

మర్నాడు కరస్పాండెంటు, కొత్త అడ్మిషన్లకు వచ్చినవాళ్లందరి ముందూ నాకు దండ వేసి, మీ పద్ధతి ఏమిటో చెప్పండి సారూ అన్నాడు. ఆయా గుమ్మం పక్కనే కూర్చుని వింటోంది. నేను ఏవేవో చెప్పాను. ఆమె అప్పుడు కూడా ఆ మాట అనలేదు, తర్వాత ఏ రోజూ అనలేదు.